తెల్లవారుజాము మూడింటికి ఏ పుస్తకం?

అమెరికా ప్రయాణమంటే మనకు ముందు గుర్తొచ్చేది తూకం. టికెట్టుకు రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. చాలా విమానాల్లో లెక్క ఇదే. చేతిసంచికి ఏడో ఎనిమిదో కిలోలు. కొక్కేనికి పెట్టె తగిలించి ఎత్తితే అంకె చూపించే చిన్న తూనిక యంత్రం ఒకటి మా వీధిలో ఉంది. కూతురి పురిటికో, మనవల సెలవులకో వెళ్ళేవాళ్ళున్న ఇంటికల్లా అది తిరుగుతూ ఉంటుంది. ఆ తూకం దగ్గర మొదట ఓడిపోయేది పుస్తకం. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, మనవరాలి పట్టులంగా, అల్లుడు అడిగిన చెప్పులు అన్నీ సర్దాక మిగిలిన మూలలో ఒకటి రెండు పుస్తకాలు కుక్కుతారు. అంకె 23 దాటితే ముందు బయటికొచ్చేవీ అవే.

ఈ వరస తిరగెయ్యమని అడిగినవాళ్ళందరికీ చెబుతుంటాను. కందిపప్పు, గోంగూర, సీసా పచ్చళ్ళు, ఆఖరికి కరివేపాకు కూడా అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతున్నాయి. తెలుగు పుస్తకం దొరకదు. కొన్ని ఊళ్ళ పబ్లిక్ లైబ్రరీల్లో తెలుగు అర ఉంటుంది కానీ, మనం దిగే ఊళ్ళో ఉంటుందన్న భరోసా లేదు. "అమ్మా, పుస్తకాలెందుకమ్మా, ఇంకో కిలో ఆవకాయ పెట్టు" అని పిల్లలు ఫోన్లో అంటారు. "ఆవకాయ మీకు, పుస్తకాలు నాకు" అని చెప్పడంలో తప్పేమీ లేదు. ఆరు నెలలు ఉండబోయేది ఆ తల్లే.

అయితే ఏ పుస్తకాలు? ఇక్కడే చాలామంది తడబడతారు. చదవాలి చదవాలి అనుకుంటూ ఏళ్ళుగా వాయిదా వేసినవన్నీ తీసి పేరుస్తారు. నేను పేర్లతో మొదలుపెట్టను. అక్కడ మన చేతికొచ్చే వేళలేమిటో ముందు చూస్తాను. ఒక్కో వేళ ఒక్కో రకం పుస్తకాన్ని అడుగుతుంది.

మొదటి వారం అడిగేది తెల్లవారుజామున చదివే పుస్తకం. వేసవిలో డాలస్, షికాగో ఊళ్ళు మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటాయి. అక్కడ తెల్లవారుజాము మూడయ్యేసరికి ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర. భోజనం చేసి కూచున్న వేళ అని ఒళ్ళు నమ్ముతుంది, కళ్ళు మూతపడవు. ఇల్లంతా నిద్రలో ఉంటుంది. టీవీ పెట్టలేం, మిక్సీ వెయ్యలేం. ఫోను తీస్తే ఆ వెలుగుకు వచ్చే కాస్త కునుకూ పోతుంది, పైగా ఇక్కడి కబుర్లన్నీ మీద పడతాయి. అప్పుడు కావలసింది పది నిమిషాల్లో పూర్తయ్యే కథ. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' అచ్చంగా ఆ వేళకు సరిపడే పుస్తకం. ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చిన వంద కథలు, బాపు బొమ్మలతో. ఒక్కో కథ మూడు నాలుగు పేజీలకు మించదు. ఒక కథ చదివి దీపం ఆర్పొచ్చు, నిద్ర రాకపోతే ఇంకొకటి చదవొచ్చు. ఈ వేళకు నవల వద్దు. పట్టుకుంటే తెల్లారేదాకా వదలదు, పట్టుకోకపోతే విసుగొస్తుంది.

నవల వేళ మధ్యాహ్నం. అందరూ ఉద్యోగాలకూ బళ్ళకూ వెళ్ళాక ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఇల్లు మనదే. బయట నడిచే మనిషి కనబడడు, కూరలబండి రాదు, పక్కింటివాళ్ళ పేరు తెలియదు. వెళ్ళొచ్చిన చాలామంది నాతో చెప్పుకున్న కష్టం ఈ మధ్యాహ్నాలదే. దీనికి లావుపాటి నవల తీసుకెళ్ళాలి, పైగా ఒకసారి చదివిన నవల అయితే మరీ మంచిది. తెలిసిన మనుషులు ఆ ఇంట్లో తిరుగుతున్నట్టుంటుంది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' పాతికేళ్ళప్పుడు చదివినవాళ్ళు అరవై దాటాక చదివితే కథానాయకుడు దయానిధి మీద కోపం వచ్చే చోట్లు మారిపోతాయి. ఇక విశ్వనాథ 'వేయిపడగలు' బరువని అందరూ వదిలేస్తారు. నేను వదలమనను. వెయ్యి పేజీల నవలకు కావలసిన తీరిక మన ఊళ్ళో ఎవరికి దొరికింది? ఆ పుస్తకాన్ని ఎన్నాళ్ళనుంచో చదవాలనుకుంటున్నవాళ్ళకు ఆ బరువు దండగ కాదు.

బరువు సంగతి కాస్త లెక్కగా చూద్దాం. మన నవలలు ఎక్కువగా వచ్చే 1/8 డెమ్మీ సైజులో మూడు వందల పేజీల అట్టబైండు లేని పుస్తకం నాలుగు వందల గ్రాములు దాటదు. అలాంటివి పది పెట్టినా నాలుగు కిలోలే. సంపూర్ణ రచనల సంపుటాలు, గట్టి అట్టల ప్రత్యేక సంచికలు మాత్రం ఇంట్లో ఉంచడమే మేలు. అదే రచయిత విడి కథాసంపుటి ఒకటి చాలు. అన్నిటికన్నా తక్కువ బరువుతో ఎక్కువ కాలం నడిచేది కవిత్వం. శ్రీశ్రీ 'మహాప్రస్థానం', తిలక్ 'అమృతం కురిసిన రాత్రి' రెండూ సన్నటి పుస్తకాలే, ఎన్నిసార్లు తెరిచినా ఇంకా మిగిలే ఉంటాయి. వేమన, సుమతి శతకాల చిన్న పుస్తకాలు చొక్కా జేబులో పడతాయి. ఏది తీసుకున్నా అక్షరం సైజు చూసి తీసుకోండి. పాత అచ్చుల్లో సన్నటి అక్షరాలు విమానంలో తలమీద వెలిగే దీపం కింద చదవలేం.

ఇంకో వేళ ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది: రాత్రి భోజనాలయ్యాక మనవలు పడుకునే వేళ. ఆ పిల్లలకు తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడమంటే తడుముకుంటారు, చదవడం చాలామందికి రాదు. వాళ్ళకోసమని అక్షరాలు దిద్దించే పుస్తకాలు కట్టలుగా తీసుకెళ్తారు. వేసవి సెలవుల్లో ఏ పిల్లాడూ వాటి దగ్గర కూచోడు. కథ చదివి వినిపించడం పెద్దవాళ్ళు చెయ్యగలిగిన పని. సికింద్రాబాద్ 'మంచి పుస్తకం' వాళ్ళ సన్నటి బొమ్మల పుస్తకాలు అరడజను పెట్టినా చేతికి బరువు తెలియదు. పాత చందమామలు బైండు చేయించి దాచుకున్నవాళ్ళుంటే అందులోంచి ఒక సంపుటి తప్పక తీసుకెళ్ళాలి. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు కానీ, అందులోని బేతాళ కథలకు ఒక గొప్ప గుణముంది. ప్రతి కథా ప్రశ్నతో ఆగుతుంది. అక్కడ పుస్తకం మూసి "నువ్వయితే ఏం చెబుతావు?" అని అడగాలి. ఇంగ్లీషులో మొదలుపెట్టినా, తాతయ్యకు అర్థం కావాలని పిల్లాడు తెలుగులోకి వస్తాడు.

అలా పైకి చదవడానికి మన యాసలో ఉన్న పుస్తకం ఒకటైనా ఉండాలి. చిత్తూరువాళ్ళు నామిని 'మిట్టూరోడి కథలు', నెల్లూరువాళ్ళు ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', తెలంగాణవాళ్ళు దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', శ్రీకాకుళంవాళ్ళు కారా మాస్టారి 'యజ్ఞం' కథలు తీసుకెళ్ళాలి. పదిహేనేళ్ళుగా అక్కడుంటున్న కొడుకు ఆఫీసు నుంచి వచ్చి, తండ్రి చదువుతున్న నాలుగు వాక్యాలు విని, చేతిలో బ్యాగు కింద పెట్టకుండా నిలబడిపోవడం నేను చూశాను. పుస్తకాలు చదివే అలవాటు అతనికి ఏనాడూ లేదు. ఆ వాక్యాల్లో వాళ్ళ నాయనమ్మ మాట వినిపించింది, అంతే.

పత్రికల దగ్గరికొస్తే, బయలుదేరే రోజు కొన్న వారపత్రిక చేతిసంచిలో పెట్టుకుంటాను. అది ప్రయాణానికే. గళ్ళనుడికట్టు భార్యాభర్తలిద్దరూ పంచుకుని పూర్తి చేసేసరికి దోహా వచ్చేస్తుంది. పెద్ద పెట్టెలో మాత్రం కొత్త పత్రికలకన్నా పాతవి ఎక్కువ పెడతాను. వార్తలు ఫోనులో అందుతాయి కాబట్టి పత్రికలో వెతకవలసింది కథ, వ్యాసం, బొమ్మ. గత ఏడాది దీపావళి ప్రత్యేక సంచిక ఒకటి, 'మిసిమి' లాంటి మాసపత్రికవి రెండు మూడు సంచికలు చాలు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పాత 'చతుర'. నెలకొక పూర్తి నవల ఇచ్చిన పత్రిక అది. ఇప్పుడు అదీ, కథల పత్రిక 'విపుల' కూడా అచ్చులో రావడం లేదు. ఆదివారం హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికితే పాత సంచికలు చిక్కుతాయి. వందా నూటయాభై గ్రాముల్లో ఒక నవల, చదివాక ఎవరికిచ్చినా బెంగ ఉండదు. ఇన్ని పత్రికలు ఆగిపోవడం తెలుగు చదివే ప్రతి ఇంటికీ నష్టమే. ఆ నష్టం దూరాన ఉన్నవాళ్ళకు ఇంకా ఎక్కువ.

పంచాంగం మాత్రం పెట్టొద్దు. ఇక్కడ అచ్చయిన తిథుల గడియలు మన గడియారానికి, మన సూర్యోదయానికి లెక్కగట్టినవి. అక్కడ ఏకాదశి ముందురోజే వచ్చేయొచ్చు. ఆ ఊరి గుడివాళ్ళ లెక్క చూసుకోవడమే సరి.

సర్దేటప్పుడు ఒక్క జాగ్రత్త చాలు. పుస్తకాలూ పచ్చళ్ళూ ఒకే పెట్టెలో పెట్టకూడదు. పెట్టక తప్పకపోతే పుస్తకాలను పాలిథిన్ సంచిలో మూతికట్టి, చక్రాలవైపు అడుగున పరచాలి. చేతిసంచిలో రెండు మూడుకు మించొద్దు. పుస్తకాల కట్ట ఎక్స్‌రేలో దట్టంగా కనబడుతుంది, సంచి విప్పి చూపించమని అడగవచ్చు.

అచ్చు పుస్తకాలతో పాటు రాయడానికి ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకోవాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి పదిహేను నెలలు తిరిగారు. దారిలో చూసిన ఊళ్ళూ, సత్రాలూ, ధరలూ రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపుతూ వచ్చారు. 1838లో అది 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. తెలుగులో యాత్రారచనకు అది తొలి అడుగు. ఇవాళ ప్రతి ఏడూ ఇంతమంది అమ్మలూ నాన్నలూ సముద్రాలు దాటుతున్నారు. వాళ్ళు చూసినది వాళ్ళ చేతిరాతలో ఎక్కడ ఉంది? ఫోటోలు వేలల్లో ఉన్నాయి. కిరాణాకొట్టులో సొరకాయ ధర, మొదటి మంచు కురిసిన రోజు మనవడు అడిగిన మాట, గుడి వంటశాలలో కలిసిన గుంటూరావిడ కథ ఎవరూ రాసిపెట్టడం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు పుస్తకాలు వెనక్కి తేవద్దు. అక్కడ చదివేవాళ్ళున్నారు. డిట్రాయిట్‌లో తెలుగు సాహితీ సమితి 1998 నుంచి తెలుగు పుస్తకాలు ముందేసుకుని చర్చించుకుంటోంది. అంత ఏర్పాటు లేని ఊళ్ళలోనూ వారాంతం భోజనాలకు కలిసే నాలుగిళ్ళలో ఒక చదువరి ఉంటారు. అందుకే బయలుదేరే నెల ముందు పిల్లలతో చెప్పి, వాళ్ళ స్నేహితుల్లో ఎవరికి ఏ పుస్తకం కావాలో అడిగించమంటాను. ఈసారి మా పక్కింటివాళ్ళ ద్వారా ఒహాయో నుంచి ఒకావిడ శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' అడిగారు. వాళ్ళమ్మగారు రాత్రిళ్ళు అది చదివి వినిపించేవారట. విజయవాడ ఏలూరు రోడ్డు షాపుల్లో వెతికిపెడతానని మాటిచ్చాను. దొరికితే అది చేతిసంచిలోనే వెళ్తుంది.