కోత తెలిసిన తోట

ఇంగ్లండులో తూర్పు ససెక్స్ ప్రాంతపు నార్తియమ్ పల్లెలో గ్రేట్ డిక్స్టర్ అనే పాత కలప ఇల్లుంది. 1910లో నథానియల్ లాయిడ్ దాన్ని కొని ఎడ్విన్ లుట్యెన్స్ చేత బాగుచేయించి, పెంచి కట్టించాడు. తర్వాతి కాలంలో మన రాష్ట్రపతి భవన్‌కు రూపమిచ్చిన వాస్తుశిల్పి ఆయనే. ఆ ఇంటికి ప్రపంచంలో పేరు తెచ్చింది మాత్రం చుట్టూ ఉన్న తోట. నాటిన పూలనూ, వాటంతటవి మొలిచే పూలనూ ఒకే చోట ఇంత నేర్పుగా పెంచిన ఇంటితోటలు అరుదు.

గేటు దాటగానే ఆ నేర్పు కనబడుతుంది. గుమ్మం దాకా సాగే రాతిబాటకు రెండువైపులా పెరిగిన గడ్డి, అందులో పూలు. ఇంటికి వచ్చేవాళ్లు ముందుగా చూసే చోటనే అడవిపూలను ఉంచడం ధైర్యమైన పని. నథానియల్ భార్య డైసీకి పచ్చికబయళ్లంటే ప్రాణం. గళ్లు తేలిన ఊదారంగు రేకుల ఫ్రిటిలరీలను ఆమె విత్తనం నుంచి పెంచి గడ్డిలో నాటింది. విత్తిన ఫ్రిటిలరీ పూతకు రావాలంటే ఏళ్లు ఆగాలి. ఆ ఓపిక ఆమె కొడుకు క్రిస్టఫర్ లాయిడ్‌కు (1921–2006) అబ్బింది. 1970లో వచ్చిన ‘ది వెల్-టెంపర్డ్ గార్డెన్’ రాసింది ఈయనే.

ఆ పచ్చికలో అసలు పనితనమంతా కోత వేళలో ఉంది. వసంతంలో క్రోకస్, ఫ్రిటిలరీ, వేసవి మొదట్లో ఆర్కిడ్లు పూస్తాయి. వాటి విత్తనం ముదిరి నేల రాలేదాకా ఎవరూ గడ్డి జోలికి వెళ్లరు. ఆగస్టు ప్రాంతంలో మొదటి కోత, చలి ముదిరేలోపు మరో కోత. కోసిన గడ్డిని అక్కడే వదలకుండా ఎత్తేస్తారు. అది కుళ్లితే నేల బలుస్తుంది. బలిసిన నేలలో మొండిగడ్డి పెరిగి పూలమొక్కలను అణిచేస్తుంది. అందుకే ఎరువూ వేయరు. పూల కోసం నేలను కావాలని పేదగా ఉంచడం కూరగాయల మడి చేసినవారికి వింతగా తోచవచ్చు. కానీ అడవిపూలకు అదే మేలు.

గడ్డి బలాన్ని తగ్గించడానికి ఇలాంటి పచ్చికల్లో యెల్లో రాటిల్ అనే చిన్న పసుపుపూల మొక్క తోడ్పడుతుంది. దాని వేళ్లు గడ్డివేళ్లను పట్టుకుని సారం పీల్చుకుంటాయి. గడ్డి పలచబడ్డ చోట మిగతా పూలకు వెలుగు, చోటు దొరుకుతాయి. అది ఏటా విత్తనం నుంచే మొలవాలి కాబట్టి, కోత తొందరపడితే మరుసటి ఏడు ఉండదు.

ఇంటి పక్కన సుమారు 60 మీటర్ల పొడవున సాగే పూలమడిలో మరో రకం నేర్పు. నిలువెత్తు వెర్బీనాలు, నీలిరంగు ఫర్గెట్-మి-నాట్లు, గసగసాల మొక్కలు అక్కడ రాలిన గింజ నుంచే లేస్తాయి. తోటమాలి వాటిని రెండాకుల మొలకప్పుడే గుర్తుపట్టాలి. ఏది ఉంచాలో, ఏది పక్కమొక్కను కప్పేస్తుందో, ఏది పీకాలో అప్పుడే తేల్చాలి. 1990ల తొలినాళ్ల నుంచి ఈ తోటను నడిపిస్తున్న ఫెర్గస్ గారెట్ చేయి ఆ ఎంపికలో తెలుస్తుంది. చూసేవారికి అన్నీ వాటి ఇష్టాన పెరిగినట్టే ఉంటాయి. ప్రతి మొక్కా మాత్రం ఒక మనిషి కన్ను దాటి వచ్చిందే.

ఈ శ్రమ ఫలం కంటికే పరిమితం కాలేదు. 2017–19లో ఇక్కడి జీవవైవిధ్యాన్ని లెక్కకట్టినప్పుడు, చుట్టూ ఉన్న అడవి, పచ్చికలతో పాటు ఇంటిని అంటిపెట్టుకున్న పూలతోట కూడా తేనెటీగలకు, సాలీళ్లకు ఎంతో సంపన్నమైన నెలవని తేలింది.

మన పెరట్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. వానలకు మొలిచే గునుగును, తుమ్మిని గింజ రాలేదాకా ఉంచండి. జిల్లేడు ఆకు మీద గొంగళిపురుగు కనిపిస్తే వదిలేయండి, సీతాకోకచిలుక అవుతుంది. వయ్యారిభామను మాత్రం పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా పీకేయండి. ఏది ఎప్పుడు పీకాలో తెలుసుకున్నాకే కొడవలి పట్టండి.