అచ్చులో ఉన్న పేర్లు, లేని పేర్లు

2008లో తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పేరు ప్రపంచంలోని రసాయనశాస్త్రజ్ఞుల నోళ్ళలో పడింది, గొప్పగా మాత్రం కాదు. 2004-2007 మధ్య అక్కడి రసాయనశాస్త్ర ఆచార్యుడు పి. చిరంజీవి 25 జర్నళ్ళలో అచ్చు వేయించుకున్న 70 దాకా వ్యాసాలు కాపీవో, కల్పితాలో అని బయటపడింది. అందరూ ఆయన్ని తిట్టారు. తిట్టాల్సిందే. కానీ ఆ వ్యాసాలన్నీ ఎవరో ఒక సంపాదకుడి, ఎవరో కొందరు సమీక్షకుల చేతుల మీదుగానే కదా అచ్చుకి వెళ్ళాయి! వాటిలో రాసిన ప్రయోగాలకి కావలసిన పరికరాలు కొన్ని ఆ విశ్వవిద్యాలయంలో లేనే లేవు. "ఇవి మీకెక్కడివి?" అని ఒక్క ఉత్తరం ముక్క రాస్తే సరిపోయేది.

సమీక్ష డబ్బు రాని పని, తీరికా దొరకదు, నిజమే. అయితే తప్పు బయటపడ్డాక ఏం జరుగుతుందో చూడండి. జర్నల్ వ్యాసాన్ని ఉపసంహరించుకుంటుంది. ఆ ప్రకటనలో సహరచయితలైన పరిశోధక విద్యార్థుల పేర్లూ ఉంటాయి. అచ్చు వేయొచ్చన్న సమీక్షకుల పేర్లు ఎక్కడా ఉండవు.

గైడు సంతకం లేనిదే థీసిస్ కదలని మన దగ్గర, ఫెలోషిప్ కాగితాలు పట్టుకుని ఆయన గది బయట నిలబడే అమ్మాయి "నా పేరు పెట్టకండి సార్" అనగలదా? అసలు పెట్టారని ఆమెకి తెలుసా? సంపాదకుడు ఉత్తరాలు నడిపేది గైడుతోనే. ఇప్పుడు చాలా జర్నళ్ళు రచయితలందరికీ మెయిల్ పంపుతున్నాయి. మంచిదే. కానీ ఆ మెయిల్ ఐడీలు ఇచ్చేదీ గైడే! ఆమెని విడిగా అడగాల్సింది సంపాదకుడు, అచ్చుకి ముందూ, ఉపసంహరణకి ముందూ.