ఆన్ కాని లాప్‌టాప్ ముందు

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురంలో దుమ్ముకు మాత్రం కరువు లేదు. ఆ దుమ్ము తిని ఇక్కడి జేఎన్‌టీయూ పిల్లల లాప్‌టాప్ ఆన్ కాకపోతే చేరేది రిపేరు బల్ల మీదికే. మంచి మెకానిక్ వెంటనే స్క్రూడ్రైవర్ పట్టడు. ముందు అడాప్టర్ పిన్నుకు మల్టీమీటర్ ఆనిస్తాడు. చాలావాటికి 19 వోల్టులకు అటూఇటూగా రావాలి. వస్తే చార్జర్, బ్యాటరీ తీసేసి పవర్ బటన్ అర నిమిషం నొక్కిపడతాడు, బోర్డులో మిగిలిన చార్జి పోవడానికి. ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగా ఉంటే ర్యామ్ ఊడదీసి, కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెడతాడు. (రబ్బరు ఖరీదెంతని అడక్కండి, ఆ తెలివికే డబ్బులు.) అసలు పనితనం మదర్‌బోర్డు మీద ఉంది. షార్టయిన కెపాసిటర్‌ను వెతికిపట్టి, బియ్యపుగింజ కన్నా చిన్నదాన్ని వేడిగాలితో ఊడదీసి కొత్తది అతికించడం! బోర్డే మార్చేయమనేవాడి కన్నా ఈయన వెయ్యి రెట్లు నయం. ఆయన దగ్గరికి పోయేటప్పుడు చార్జర్ కూడా తీసుకుపోండి.