కొట్టని స్మాష్ లెక్క

సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి పేరెత్తితే కోనసీమలో ముందు వినిపించేది 565. గంటకు 565 కిలోమీటర్ల స్మాష్. ఈ వారం కూడా షటిల్ కబుర్లు ఆ అంకె దగ్గర మొదలై అక్కడే ఆగిపోయాయి కనుక ఈ మాట రాయక తప్పడం లేదు. అమలాపురం కుర్రాడు గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కడం మనందరికీ గర్వకారణమే. కానీ ఆ అంకెతో అతని ఆటను కొలిస్తే అతనికి అన్యాయం. అతన్ని చూసి రాకెట్ పట్టే పిల్లలకు మరింత అన్యాయం. జట్టుగా ఆడే ఆటలో తన దెబ్బతో మెప్పించేవాడి కంటే, పక్కవాడి తర్వాతి దెబ్బను సులువు చేసేవాడే గొప్పవాడన్నది ఈ కాలమ్ పాత పట్టు.

ఆ రికార్డు 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో, ఒక ఫ్యాక్టరీ జిమ్నాజియంలో నమోదైంది. అవతల ప్రత్యర్థి లేడు. కొలిచింది షటిల్ రాకెట్‌ను వదిలిన క్షణంలోని వేగం. అయిదు గ్రాముల ఈకల షటిల్ గాలికి ఎదురెళ్తూ ఆ వేగాన్ని చాలావరకు పోగొట్టుకుంటుంది. ఇక అసలు పోటీల సంగతి చూడండి. మలేసియా జంట ఆరన్ చియా, సో వూయి యిక్‌ల చేతిలో సాత్విక్, అతని డబుల్స్ జోడీ చిరాగ్ శెట్టి వరసగా ఎనిమిది మ్యాచ్‌లు ఓడారు. 2023 జూన్‌లో జకార్తాలో ఇండోనేసియా ఓపెన్ ఫైనల్‌లో అదే జంటను 21-17, 21-18తో ఓడించారు. పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో ఆ జంటపైనే మొదటి గేమ్ 21-13తో గెలిచి కూడా తర్వాతి రెండూ చేజార్చుకున్నారు. 2025లో అదే పారిస్‌లో, ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్‌లో వాళ్ళపై మళ్ళీ గెలిచి కాంస్యం తెచ్చారు. ఓడిన రోజూ గెలిచిన రోజూ సాత్విక్ భుజం అదే. తేడా భుజంలో లేదన్నమాట. డబుల్స్‌లో చాలా పాయింట్ల తలరాత మొదటి మూడు నాలుగు షాట్లలోనే తేలిపోతుంది. సర్వీస్ నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తు లోపే కొట్టాలి కనుక షటిల్ పైకి లేవక తప్పదు. అది వేలెడు ఎక్కువ లేచినా అవతలివాడు మీద పడతాడు.

పక్కవాడికి దారి వేయడమే గొప్పతనమని ప్రపంచంలో మరో మూల ఆడే ఐస్ హాకీ కూడా చెబుతుంది. అక్కడ సెంటర్ అనే ఆటగాడు మధ్యలో నిలబడి ఆట మొదలుపెట్టే ఫేస్-ఆఫ్‌లో పక్ అనే రబ్బరు బిళ్ళను చేజిక్కించుకోవాలి, అటూ ఇటూ ఉన్నవాళ్ళకు అందించాలి, ఆ పక్ చేజారితే వెనక్కి పరుగెత్తి తన గోల్‌ను కాయాలి. సెంటర్లలో మేటి వేన్ గ్రెట్స్కీ 894 గోల్స్ రికార్డును 2025 ఏప్రిల్‌లో ఒవెచ్‌కిన్ అనే ఆటగాడు దాటేశాడు. కానీ పక్కవాళ్ళ గోల్స్‌కు గ్రెట్స్కీ వేసిన దారులు 1,963. ఆ అంకె దరిదాపుల్లో నేటికీ ఎవరూ లేరు.

అయితే స్మాష్ లేకుండా సాత్విక్ ఉంటాడా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. జవాబు వెతుకుతూ పోతే నా వాదన బయల్దేరిన చోటికి కాక వేరే చోటికి చేరుతుంది. డబుల్స్‌లో షటిల్‌ను ఎత్తుగా లేపినవాడు దాడిని అవతలివాళ్ళ చేతికిచ్చినట్టే. వెనక సాత్విక్ ఉన్నాడని తెలిసినవాడు లేపడానికి జంకుతాడు. నెట్ మీదుగా తక్కువ ఎత్తులో, ఇరుకు దారిలో ఆడబోతాడు. ఆ దారిలో చిరాగ్ కాచుకుని ఉంటాడు. కోచ్ టాన్ కిమ్ హర్ ఈ ఇద్దరినీ జత చేసినప్పుడు ఇద్దరూ వెనక నుంచి బలంగా కొట్టే అలవాటున్న పొడగరులే. చిరాగ్ నెట్ దగ్గర పని నేర్చాకే సాత్విక్ బలానికి పూర్తి విలువ వచ్చింది; ఆ బలం ఉండబట్టే నెట్ దగ్గర చిరాగ్‌కు అవకాశాలు దొరికాయి. కనుక స్మాష్‌ను తక్కువ చేయనక్కర్లేదు. కొట్టిన స్మాష్ ఒక్క పాయింటే తెస్తుంది. కొడతాడేమోనన్న భయం మ్యాచ్ పొడుగునా ప్రత్యర్థి దారులు మూస్తుంది. పక్కవాడికి మేలు చేయడమే గొప్పతనమైతే, ఆ మేలు చేసే సాధనాల్లో బలమూ ఒకటి.

అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరం కోచ్‌లకు నా విన్నపం ఇదే. పిల్లల స్మాష్‌కు పదును పెట్టండి, తప్పులేదు. దాంతోపాటు చిన్న వయసులోనే జంటగా ఆడించండి. రోజూ సర్వీస్‌కు, దాన్ని తిప్పికొట్టడానికి, మూడో షాట్‌కు విడిగా సమయం కేటాయించండి. పాయింటు కొట్టినవాడితో పాటు దానికి దారి వేసినవాడినీ పేరు పెట్టి మెచ్చుకోండి. గోదావరి గడ్డ నుంచి ఇంకో సాత్విక్ రావాలంటే, అతనికి తగిన చిరాగ్‌ను కూడా మనమే తయారు చేసుకోవాలి.