కెమెరా ముక్కాలి - కిలోగ్రాముల లెక్క

ట్రైపాడు కొనబోయినవానికి అంగడిలో మొట్టమొదట చూపునది ఒక అంకె. ఇది 8 కిలోగ్రాములు మోయును, అది 12 మోయును అందురు. 4×5 అంగుళముల ఫిల్ము రేకులు వాడు నా కెమెరా బరువు మూడు కిలోగ్రాములే గదా, 8 మోయునది చాలునని నేనును ఒకప్పుడు తలచితిని. ఆ అల్యూమినియపు ముక్కాలితో కడప జిల్లాలోని గండికోటకు పోయి, పెన్నానది లోయ అంచున, ఉదయపు నీరెండలో ఆరు రేకులు తీసితిని. కడిగి చూడగా నాలుగింటిలో బండల అంచులన్నియు అడ్డముగా అలుకుకొని పోయినవి. ఒక్కొక్క రేకు వెల వందల రూపాయలలో నున్న ఈ రోజులలో ఇది చిన్న నష్టము కాదు. తప్పు ముక్కాలిదా, దాని పట్టీ మీది అంకెదా అని అప్పటినుండి ఆలోచించుచున్నాను.

ఆ అంకె చెప్పునది ఒక్కటే: అంత బరువు పెట్టినను కాళ్ళు జారి కూలవని. దానిని నిర్ణయించుటకు తయారీదారు లందరు ఒప్పుకొన్న ప్రమాణమేదియు లేదు. ఎవరి లెక్క వారిది. కాని ఛాయాచిత్రమునకు కావలసినది కూలకుండుట కాదు, తిరుగకుండుట. 300 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకముతో చిత్రము తీయునప్పుడు కెమెరా ఒక నిమిషపు కోణము, అనగా డిగ్రీలో 60వ వంతు తిరిగినచో, ఫిల్ముపై ప్రతిబింబము 0.09 మిల్లీమీటరు జరుగును. మంచి రేకులో ఇంతకంటె సన్నని వివరములు నిలుచును.

చిన్న కెమెరా వాడువానికి ఈ బాధ తక్కువ. అతడు ఎఫ్/8 వద్ద సెకనులో 400వ వంతులో పని ముగించుకొనును. మనకు లోతంతయు స్పష్టముగా రావలెనన్నచో ఎఫ్/32 తప్పదు. 100 వేగము గల ఫిల్ముకు నిండు ఎండలోనే సెకనులో 25వ వంతు కావలెను. నీరెండలో అర సెకనైనను పట్టును. ఆ అర సెకను గాలి ఊరకుండునా? తిత్తి, చట్రములు కలిసి పక్కనుండి వీచు గాలికి ఇంచుమించు చదరపు మీటరులో పదవవంతు అడ్డుపడును. సెకనుకు 5 మీటర్ల గాలి దానిపై సుమారు రెండు న్యూటన్ల బలము చూపును. గాలి వేగము రెట్టింపైనచో బలము నాలుగు రెట్లగును. ఇది ముక్కాలిని పడగొట్టలేదు. మెలిపెట్టగలదు.

మెలికను కొలుచుటకు గొప్ప యంత్రమక్కరలేదు. కళాశాలలో గాల్వనోమీటరుతో పనిచేసినవారికి దీపము, స్కేలు అమరిక గుర్తుండును. కెమెరాపై చిన్న అద్దము ముక్క నంటించి, దానిపై లేసరు కాంతిని పడవేసి, ఐదు మీటర్ల దూరమున గోడపై చుక్కను చూడవలెను. అద్దము తిరిగిన కోణమునకు రెట్టింపు కాంతి తిరుగును గనుక ఒక నిమిషపు కోణమునకు చుక్క దాదాపు 3 మిల్లీమీటర్లు జరుగును. నా ముక్కాలిపై కెమెరాను వ్రేలితో తట్టగా చుక్క చాలసేపు ఊగినది. నడిమి కంబము పైకెత్తితినా, ఇక చెప్పనక్కరలేదు. అది ముక్కాలిపై ఒంటికాలిని నిలుపుటయే. అన్నిటికంటె క్రిందనున్న సన్నగొట్టములు మరియొక దోషము. రేకు మందము మారక గొట్టపు వ్యాసము సగమైనచో, వంగుట నెదిరించు దృఢత్వము ఎనిమిదవ వంతుకు దిగును.

ముక్కాలికి సంచి వ్రేలాడదీయుమని కొందరు చెప్పుదురు. అది బోర్లపడకుండ కాపాడును గాని గొట్టములను గట్టిపరచదు. గాలిలో ఊగు సంచి తానే ఒక లోలకము! కట్టవలెనన్నచో నేలను తాకునట్లు కట్టవలెను.

పిమ్మట ఒక మిత్రుని వద్దనుండి సర్వేయర్లు థియోడొలైటు నిలుపు కొయ్య ముక్కాలిని తెచ్చి అదే పరీక్ష చేసితిని. చుక్క రెండు మూడు ఊపులకే ఆగిపోయినది. ఆశ్చర్యపడ నక్కరలేదు. థియోడొలైటు పని కోణములను సెకన్లలో కొలుచుట. దాని పీట తిరుగుటకు వీలులేదు. అందుకే ప్రతి కాలును పైన ఎడముగా, క్రింద దగ్గరగా వచ్చు రెండు బద్దలతో చేయుదురు. ఈ ఎడమే మెలికను నిలువరించును. కొయ్య అల్యూమినియము కంటె మెత్తనిదే, కాని తేలికైనది గనుక బద్దను లావుగా చేయవచ్చును. పైగా కంపనమును తనలో అణచుకొను గుణము దానికి ఎన్నోరెట్లు ఎక్కువ. జర్మనీలో 1898లో స్థాపితమైన బెర్లెబాఖ్ సంస్థ నేటికిని కెమెరా ముక్కాళ్ళను యాష్ కొయ్యతోనే చేయుచున్నది. కార్బను పోగుల కాళ్ళు తేలికయు, దృఢమును. వెల మాత్రము అధ్యాపకుని జీతమునకు అందునది కాదు.

సర్వే పరికరములకు రూర్కీ, అంబాలా పేరుపొందినవి. వాడిన ముక్కాలి కొన్నివేల రూపాయలకే దొరకును. చిక్కు మరలో నున్నది. దాని మర సాధారణముగా 5/8 అంగుళము; కెమెరాది 1/4 గాని 3/8 గాని. లేతు పనివానిచేత ఇత్తడి ముక్క నొకటి చేయించుకొనవలెను. పాతవానిలో కొన్నిటికి తలపై వెడల్పైన మరచుట్టు ఉండును. వాని జోలికి పోకుండుట మేలు. వంచుటకు తలకాయ వేరుగా కొననక్కరలేదు. పెద్ద కెమెరా ముందు వెనుక చట్రములు ఎట్లును వంగును, మిగిలినది కాలు పొడవు మార్చి సరిపెట్టవచ్చును.

దోషములు లేకపోలేదు. మడిచినను మీటరు పొడవుండును. బస్సులో కండక్టరు అదేమని అడుగకుండ ఎక్కుట కష్టము. కాళ్ళు విడిపోకుండ ఆపు కట్టు లేదు గనుక నున్నని నేలపై చప్పున జారును. అంతకంటె ముఖ్యము, క్రింది ఇనుపమొనలు దేవాలయపు రాతినేలను గీయును. నేను మూడు కొయ్యబిళ్ళలకు గుంటలు తొలిపించి మొనల క్రింద నుంచుచున్నాను, మూడు కాళ్ళను నులకత్రాటితో చుట్టి కట్టుచున్నాను.