నడుమ చిల్లున్న రేడియేటర్

ట్రయంఫ్ టీఆర్3 కారు రేడియేటర్‌కి ఫ్యాక్టరీలోనే ఒక చిల్లు పెట్టారు. బ్యాటరీ మొరాయిస్తే కారు ముందు నుంచి హ్యాండిల్ దూర్చి ఇంజిన్ తిప్పుకోవడానికి, గొట్టాలూ రెక్కలూ ఉండే కోర్ నడుమ వదిలిన దారి అది. ఆ మేరకు నీళ్లు పారే గొట్టాలు తగ్గాయి. 1955 నాటి ఇంగ్లండు చలిలో దాన్ని ఎవరు పట్టించుకుంటారు? కానీ ఈ కార్లలో అత్యధికం అమెరికాకు వెళ్లాయి. టెక్సస్ ఎండలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఉష్ణోగ్రత సూది పైకి పాకితే, యజమాని కోపమంతా ఆ చిల్లు మీదకే మళ్లుతుంది.

అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి, కొత్త అల్యూమినియం రేడియేటర్ కొనడం. వేడిని మోయడంలో రాగి ముందు అల్యూమినియం దిగదుడుపే. అయినా అది నెగ్గుకొస్తుంది. తేలికైన ఆ లోహంతో గొట్టాలను వెడల్పుగా చేయొచ్చు, రెక్కలతో కలిపి నేరుగా బ్రేజింగ్ చేయొచ్చు. పాతదానిలో ఇత్తడి గొట్టాలకూ రాగి రెక్కలకూ మధ్య సీసం, తగరం కలిసిన టంకం ఉంటుంది. వేడి ఆ పొర దగ్గరే నీరసిస్తుంది.

రెండోది, పాతదానికే కోర్ మార్చడం. టార్చితో టంకం కరిగించి పైట్యాంకు, కిందిట్యాంకు ఊడదీస్తారు. లోపలి పొరలుపొరల గార గీకి, మరిన్ని వరుసల గొట్టాలున్న కోర్‌ను అతికించి, గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తారు. చాలామంది చిల్లు లేని కోర్ వేయించుకుంటారు. నిజానికి ఇదే మేలైన పద్ధతి: అసలు ట్యాంకులు బండితోనే ఉంటాయి, రేపు కారినా మళ్లీ టంకం పెట్టుకోవచ్చు. నల్లరంగు మాత్రం పలచగా వేయాలి. దట్టంగా పూస్తే రెక్కలకు దుప్పటి కప్పినట్టే.

ఇంతా చేసినా సూది దిగకపోవచ్చు.

టీఆర్3లో ఉన్న 1991 సీసీ ఇంజిన్‌ది ఫెర్గూసన్ ట్రాక్టర్ ఇంజిన్ కుటుంబమే. స్పోర్ట్స్ కారు సోకు పైపైనే, లోపల పొలం దున్నే జాతి! ఆ ఇంజిన్లలో సిలిండర్ లైనర్ల చుట్టూ నీళ్లు నేరుగా తిరుగుతాయి. దశాబ్దాల తుప్పు ఆ లైనర్ల అడుగున మడ్డిగా పేరుకుని, బ్లాక్ పక్కనున్న కుళాయి విప్పినా చుక్క రానంతగా బిగుసుకుంటుంది. తీగతో పొడిచి, నీళ్లు ఎదురు కొట్టి దాన్ని కడగకపోతే కొత్త కోర్ కూడా అదే మడ్డితో పూడిపోతుంది.

థర్మోస్టాట్ సంగతి ఇంకా చిత్రం. అసలుదానికి ఉన్న తొడుగు, ఇంజిన్ వేడెక్కాక, రేడియేటర్‌ను తప్పించే బైపాస్ దారిని మూసేది. ఇప్పుడు దొరికే మామూలు రకానికి ఆ తొడుగు ఉండదు. కొంత వేడినీరు రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగొస్తుంది. అందుకే కొందరు బైపాస్ గొట్టంలో సన్నని రంధ్రమున్న బిళ్ల బిగిస్తారు.

రేడియేటర్ మూతను 4 పౌండ్ల నుంచి 7 పౌండ్ల ఒత్తిడికి మారిస్తే నీరు మరిగే స్థానం సుమారు 107 నుంచి 111 డిగ్రీల సెల్సియస్‌కు పెరుగుతుంది. దానివల్ల నీళ్లు పొంగవు, అంతే. ఇంజిన్ చల్లబడదు.

ఇక గ్రిల్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఒక అట్ట ఉంటుంది. వచ్చే గాలిని పక్కలకు పోనివ్వకుండా కోర్ వైపు తోసేది అదే. ఎప్పుడో ఎవరో విప్పి, తిరిగి పెట్టకుండా వదిలేసిన బళ్లు కొల్లలు. కోర్‌కి డబ్బు కట్టే ముందు, వంగి చూడాల్సింది ఆ అట్ట ఉందో లేదో.