మొలవని చేతులు

ముందు ఆ పావురానికి దండం. రాజమహేంద్రవరంలో రాకుమారుడు ఎగరేసిన పావురం అది. అంత ఆకాశం ఉండగా వెళ్ళి వెళ్ళి చిత్రాంగి మేడ మీదే వాలింది. వద్దు, పోకు అని మంత్రి కొడుకు సుబుద్ధి బతిమాలాడు. తండ్రి చూస్తే వేటకు పోయి ఉన్నాడు. పినతల్లి ఇంటికి వెళ్ళడానికి అనుమతేమిటి అనుకున్నాడు సారంగధరుడు. పిట్ట కోసం లోపలికి వెళ్ళినవాడు దోషిగా బయటికి వచ్చాడు. ఆశపడింది ఆవిడ, కాదన్నది అతను, నింద పడింది అతని మీద. వేట నుంచి తిరిగొచ్చిన రాజు విన్నాడు, నమ్మాడు, కాళ్ళూ చేతులూ నరకమన్నాడు.

కథ ఇంతే. సారంగధర నాటకమా, ఇంత చిన్న కథతో మా గుండెల మీద కూర్చున్నదానా, నిన్ను కీర్తిస్తున్నాను. నీ పద్యాల కోసం కాదు, ఆ పద్యాలను సాగదీసిన రాగాల కోసమూ కాదు. నీకు జాలి లేనందుకు.

నీకంటే ముందు ఈ కథను చేపట్టిన కవులు జాలిపడ్డారు. 15వ శతాబ్దంలో గౌరన నవనాథుల చరిత్రలో దీన్ని చెప్పాడు. 17వ శతాబ్దంలో తంజావూరి చేమకూర వెంకటకవి దీన్నే కావ్యం చేశాడు. అడవిలో మొండెమై పడి ఉన్న కుర్రవాడి దగ్గరికి ఒక సిద్ధుడు వస్తాడు. పోయిన కాళ్ళూ చేతులూ మళ్ళీ వస్తాయి. ఆ కవులను తప్పుపట్టను. కథ విన్నవాళ్ళు ఆ రాత్రి నిద్రపోవాలి కదా.

నువ్వు మాత్రం మమ్మల్ని నిద్రపోనివ్వనన్నావు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) నీ పేరు ముందే ‘విషాద’ అని రాసి మరీ నిన్ను రంగం మీదికి పంపాడు. మంగళంతో ముగియని నాటకం నాటకమెలా అవుతుందని సంస్కృత సంప్రదాయం ఎరిగినవాళ్ళు ముఖం చిట్లించే కాలం అది. తెలుగులో తొలి విషాదాంత నాటకమని నిన్నే చెబుతారు. ఆచార్యులు వృత్తికి వకీలు. అవతలి పక్షాన్ని వినకుండా ఇచ్చిన తీర్పు ఎంత ఘోరమో ఆయనకు ఒకరు చెప్పాలా? ఆయన సరసవినోదినీ సభ 1891లో మద్రాసు వెళ్ళి నాటకాలాడితే, అవి చూసిన పమ్మల్ సంబంధ మొదలియార్ ఆ ఊపులోనే తమిళులకు సుగుణ విలాస సభను స్థాపించాడు. అలా నీ ఇంటివాళ్ళు పొరుగింట్లోనూ దీపం పెట్టివచ్చారు.

నువ్వు ఒంటరిదానివి కావు. క్రీస్తుకు పూర్వం 428లో ఏథెన్సు నగరం ‘హిప్పోలిటస్’ నాటకాన్ని చూసింది. అక్కడా సవతి తల్లి మోహమే, కొడుకు నిరాకరణే. ఫీడ్రా ఉరిపోసుకుని, కొడుకు మీద నింద రాసిన పలకను చేతికి కట్టుకుని పోయింది. చచ్చినదాని రాత అబద్ధం కాదనుకున్నాడు తండ్రి థీసియస్. సముద్రదేవుణ్ణి పిలిచి కొడుకును శపించాడు. అలల్లోంచి వృషభం లేచింది, గుర్రాలు బెదిరాయి, రథం బద్దలైంది. మన వైపు అశోకుడి కొడుకు కుణాలుడి కథ ఉండనే ఉంది. సవతి తల్లి తిష్యరక్షిత దొంగ ఆజ్ఞతో అతని కళ్ళు తీయించింది. ఆ ఆజ్ఞ సంగతి అశోకుడికి తెలియదు. థీసియస్ పనిని ఒక దేవుడు చేసిపెట్టాడు. నీ రాజుకు ఆ చాటు కూడా లేదు. నోటితో ఆజ్ఞ ఇచ్చినవాడు, కత్తి ఎత్తమన్నవాడు, కన్నవాడు అన్నీ తనే.

అందుకే ద్రోహం ఎవరిదని నన్నడిగితే చిత్రాంగి వైపు వేలు చూపించను. ఆవిడ అబద్ధం ఆడింది, నిజమే. కానీ ఆ అబద్ధం ఒక్క ప్రశ్నకు కూలిపోయేది. “నాయనా, ఏం జరిగింది?” అని రాజు అడగలేదు. ఇరవై ఏళ్ళు ఒళ్ళో పెరిగిన బిడ్డ మాట కంటే అంతఃపురంలో ఒక సాయంకాలం విన్న మాట బరువైంది. చెప్పుడు మాటలు చేటు తెస్తాయని మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. చక్రవర్తికి తెలియలేదు. పైగా తాను న్యాయం చేస్తున్నానని నమ్మాడు. కొడుకని కూడా చూడని ధర్మప్రభువని లోకం అనుకోవాలి మరి! నీలో నన్ను వణికించేది ఇదే, నాటకమా. ఆయనలో రాక్షసుడు లేడు. తొందరపడ్డ తండ్రి ఉన్నాడు, ఆ తొందరకు ధర్మమని పేరుపెట్టుకున్న తండ్రి.

ఆ రాజు ఎవరో కాదు. 1022లో పట్టం కట్టుకున్న తూర్పు చాళుక్య రాజరాజ నరేంద్రుడని మన జనం నమ్మకం. నన్నయను పిలిచి భారతాన్ని తెలుగులో వినిపించమన్న రాజు. నన్నయ రాసింది ఆదిపర్వం, సభాపర్వం, అరణ్యపర్వంలో సగం దాకా. అంటే మాయాజూదం అందులోనే ఉంది. కొడుకు మీది మోహంతో నోరు మూసుకున్న గుడ్డి తండ్రి కూడా అందులోనే ఉన్నాడు. ఆ కథనంతా చెవులప్పగించి విన్న మనిషి ఇంట్లో కొడుకు చెప్పబోయిన రెండు మాటలు వినలేకపోయాడు. ఈ రెండు కథలనూ ముడిపెట్టిన జనం గడుసువాళ్ళు.

చరిత్రకారులు ఒప్పుకోరనుకోండి. నరేంద్రుడి కొడుకు రాజేంద్రుడు కాళ్ళూ చేతులూ చక్కగా ఉన్నవాడే. 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడని పేరు తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో అసలు చిచ్చు ఇంకోటి. సవతి తమ్ముడు ఏడో విజయాదిత్యుడు వేంగి గద్దె కోసం నరేంద్రుణ్ణి జీవితమంతా వేధించాడు. సవతి తమ్ముడు పెట్టిన పోరే జనం నోళ్ళలో పడి సవతి తల్లి పెట్టిన నిందగా మారిందేమో! ఇది నా ఊహ, శాసనం చూపించమంటే చూపించలేను. కానీ రాజమండ్రిలో సారంగధర మెట్టను చూపించగలను. అతని కాళ్ళూ చేతులూ నరికింది అక్కడేనంటారు, పక్కనే సారంగధరేశ్వరుడి గుడి. జరగనిదానికి జనం ఒక కొండను ఇచ్చేశారు.

ఇక చిత్రాంగీ, నీకూ ఒక నమస్కారం బాకీ. కొందరు చెప్పే కథలో నీకు చూపించింది కొడుకు చిత్రపటం. నువ్వు మనసు పడింది ఆ బొమ్మ మీద. తాళి కట్టింది తండ్రి. ఆ కథే నిజమైతే ఆ ఇంట్లో మొదట మోసపోయింది నువ్వు, పావురం ఎగరడానికి చాలా ముందే. నీ నిందకు అది సమర్థన కాదు. అయినా నిన్ను ఉత్త దుష్టురాలిగా ఆడినవాళ్ళ మీద నాకు గౌరవం లేదు. స్థానం నరసింహారావు మగవాడై ఉండి నీ వేషం కట్టి మెప్పించాడు. 1957 సినిమాలో ఎన్టీ రామారావు ఎదుట భానుమతి నువ్వై నిలబడింది, ఎస్వీ రంగారావు నీ మొగుడయ్యాడు. భానుమతి కళ్ళలో కోరికతో పాటు పొగరు కూడా ఉంటుంది, మోసపోయిన మనిషి పొగరు. అది నీకు దక్కవలసిందే.

నిజం బయటపడ్డాక ఏమవుతుందో అందరికీ తెలుసు. తండ్రి గుండె బాదుకుంటాడు, జనం కళ్ళొత్తుకుంటారు. పశ్చాత్తాపపు పద్యానికి హార్మోనియం ఎప్పుడూ సిద్ధమే, “వన్స్ మోర్” అనే గొంతులూ సిద్ధమే. అక్కడ నాకు కొంచెం ఒళ్ళు మండుతుంది. ఏడుపు కూడా రాజుకే ఇచ్చేస్తే ఎలా?

ఇంకొకరున్నారు. రత్నాంగి, కన్నతల్లి. నీ మీద నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు ఇది, నాటకమా. ఆవిణ్ణి ఏడిపించి పక్కకు పంపించేస్తావు. నాకు ఆవిడ కావాలి. సిద్ధుడు రాని కథలో, చేతులు మొలవని కథలో, మర్నాడు పొద్దున ఆవిడ ఆ ఇంట్లోనే లేస్తుంది. భర్త అక్కడే ఉంటాడు, తప్పు తెలుసుకున్న భర్త, అందరూ ఓదారుస్తున్న భర్త. ఆయన ఆకలేస్తోందని అంటాడు, మనిషి కదా, ఎప్పుడో అప్పుడు అంటాడు. ఆవిడ లేచి వడ్డిస్తుందా? వడ్డించనంటే ఆ ధర్మప్రభువు దగ్గర దానికేం శిక్ష ఉంది? ఆ అంకం రాయండి ఎవరైనా. పద్యాలు అక్కర్లేదు.